'పోయేదేముంది, వాడి చూద్దాం': క్యాన్సర్ నాటు మందుల్లో దాగిన విషం

గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో ఆస్పత్రి మెట్లు దిగుతున్న కొన్ని కుటుంబాలను చూడగానే సంగతి అర్థమైపోతుంది. ఒకరి చేతిలో స్కాన్ ఫిల్ముల పెద్ద కవరు, ఇంకొకరి చేతిలో మంచినీళ్ల సీసా, మధ్యలో ఎవరితోనూ మాట్లాడకుండా నడిచే మనిషి. ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్ట్ చేతికొచ్చిన రోజు అది. ఇల్లు చేరేలోపే ఫోన్లు మొదలవుతాయి. చీకటి పడేసరికి దగ్గర బంధువు ఒకరు వచ్చి కూర్చుని, గొంతు తగ్గించి చెప్తారు: "వదినా, అన్నయ్యకి కత్తి పెట్టనివ్వకండి, పాకేస్తుంది. మా తోటికోడలు వాళ్ల నాన్నకి ఇలాగే ఉంటే చెట్ల మందు ఇప్పించారు. మూడు నెలల్లో గడ్డ కరిగిపోయింది. సైడ్ ఎఫెక్ట్స్ అసలుండవు. వాడి చూద్దాం, పోయేదేముంది?"

ఆ మాట అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఆస్పత్రి ఖర్చుకు అప్పు తెచ్చిపెట్టేదీ, రాత్రిళ్లు మంచం పక్కన కూర్చునేదీ చాలాసార్లు వాళ్లే. ప్రేమతో అన్న మాట కాబట్టే కాదనడం కష్టం. కానీ "పోయేదేముంది" అన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం దగ్గర స్పష్టమైన జవాబే ఉంది. కాలేయం పోవచ్చు. కిడ్నీలు పోవచ్చు. గుండె లయ తప్పవచ్చు. వాటన్నిటికంటే ఎక్కువగా, నయమయ్యే దశలో ఉన్న జబ్బు ఆ దశ దాటిపోవచ్చు.

పల్నాడులో పత్తికీ మిరపకీ మందు కొట్టే రైతుకి ఒక సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ట్యాంకుకి ఎన్ని మిల్లీలీటర్లు కలపాలో డబ్బా మీద చూస్తాడు, మూతతో కొలుస్తాడు. తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే చేను మాడిపోతుంది. అదే రైతు తనకి క్యాన్సర్ వచ్చాక, కాగితం పొట్లంలో కట్టిచ్చిన నల్లటి పొడిని "పొద్దున చిటికెడు, రాత్రి చిటికెడు" అంటే కళ్లకద్దుకుని మింగేస్తాడు. ఆ పొడిలో ఏముందో, చిటికెడులో ఎంతుందో పొట్లం మీద రాసి ఉండదు. ఇచ్చినవాడికీ తెలియకపోవచ్చు.

క్యాన్సర్ కణం బయటి నుంచి వచ్చిన క్రిమి కాదు. మన ఒంట్లోని కణమే అదుపు తప్పి పెరగడం. దాన్ని చంపే శక్తి ఉన్న పదార్థం ఏదైనా మంచి కణాల మీద కూడా ఎంతో కొంత దెబ్బ వేస్తుంది. అందుకే "గడ్డని కరిగిస్తుంది, సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం ఉండవు" అనే మాటను నమ్మడానికి వీల్లేదు. నిజంగా పనిచేసేదైతే దానికి మోతాదు ఉంటుంది, హద్దు ఉంటుంది, దుష్ప్రభావమూ ఉంటుంది. ఏ ప్రభావమూ లేనిదైతే గడ్డ మీదా ఉండదు. ఇక మూడో రకం ఉంది, ఎక్కువ భయపడాల్సింది దానికే: గడ్డని ఏమీ చేయదు, కాలేయాన్ని మాత్రం పాడుచేస్తుంది.

దీన్ని అర్థం చేసుకోవడానికి మన పెరట్లోని బిళ్ళగన్నేరు చాలు. గులాబీ రంగు, తెల్ల రంగు పూలతో గోడల పగుళ్లలో కూడా మొలిచే ఈ మొక్క నుంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందులు వచ్చాయి. 1950ల చివర్లో కెనడాలో షుగర్ జబ్బుకి పనికొస్తుందేమోనని ఈ మొక్క మీద పరిశోధన చేస్తుంటే, ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోవడం కనిపించింది. ఆ దారిలోనే విన్‌బ్లాస్టిన్ బయటపడింది. పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్‌కి ఈ రోజుకీ విన్‌క్రిస్టిన్ వాడతారు. ఈ కథని వాట్సాప్‌లో సగమే చెప్తారు. "కీమో మందు మన బిళ్ళగన్నేరులోదే, ఆ ఆకులు నాలుగు మరిగించి తాగితే సరిపోతుంది" అంటారు. మిగతా సగం ఇది. విన్‌క్రిస్టిన్ ఒక్కసారికి ఇచ్చే మోతాదు సాధారణంగా రెండు మిల్లీగ్రాములు దాటనివ్వరు. రోగి ఎత్తు, బరువు లెక్కగట్టి, రక్త పరీక్ష చూసి, నరంలోకే ఇస్తారు. సూది పక్కకి జారి మందు కండలోకి పోతే ఆ చోటు పుండైపోతుంది. హద్దు దాటితే కాళ్లూ చేతులూ తిమ్మిర్లు పట్టి, పేగు కదలిక ఆగిపోతుంది. అంత చిన్న మోతాదు మందు తీయడానికే కిలోల కొద్దీ ఎండుటాకులు కావాలి. ఇంట్లో కాచిన కషాయంలో అది ఎంత వచ్చిందో, దానితోపాటు మొక్కలోని మిగతా ఆల్కలాయిడ్లు, అంటే ఘాటైన రసాయనాలు, ఎన్ని దిగాయో కొలిచేవాళ్లు లేరు. ఒక గ్లాసులో ఏమీ ఉండకపోవచ్చు. ఇంకో గ్లాసు తెల్ల రక్తకణాలని పడేయొచ్చు.

ఆర్సెనిక్ కథా ఇలాంటిదే. అది పాషాణం, అందరికీ తెలిసిన విషం. అయినా ఒక రకం రక్త క్యాన్సర్‌కి ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ గొప్పగా పనిచేస్తుందని చైనాలోని హార్బిన్ వైద్యులు 1970ల నుంచి చేసిన పనివల్ల తెలిసింది. 2000లో అమెరికా కూడా అనుమతి ఇచ్చింది. దాన్ని ఇచ్చేటప్పుడు మాటిమాటికీ ఈసీజీ తీస్తారు, రక్తంలో పొటాషియం, మెగ్నీషియం చూస్తారు, కొలత కాస్త పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి. ఇక్కడ మందుకీ విషానికీ తేడా కొలతలో ఉంది, కాపలాలో ఉంది. ఆ రెండూ తీసేస్తే మిగిలేది పాషాణమే.

"బీ17 విటమిన్" అనే మాట ఈమధ్య తెలుగు వీడియోల్లో గట్టిగా వినిపిస్తోంది. ఆప్రికాట్ గింజల్లోని పప్పు తింటే క్యాన్సర్ పోతుందని, మందుల కంపెనీలు ఈ రహస్యాన్ని దాచాయని చెప్తారు. అసలు అది విటమినే కాదు. అమిగ్డాలిన్ అనే పదార్థం, దాన్ని కాస్త మార్చి చేసినది లేట్రిల్. పప్పు నమిలినప్పుడు, పేగుల్లోని బ్యాక్టీరియా తగిలినప్పుడు అది విడిపోయి సయనైడ్ పుడుతుంది. ఇది మన పశువుల కాపరులకి కొత్త సంగతి కాదు. కోసిన జొన్న చేలో మళ్లీ లేచిన లేత పిలకల్ని మేసిన గేదె కాసేపట్లోనే నురగలు కక్కి పడిపోవడం చూసినవాళ్లు దాన్ని "నాము" అంటారు. నాములో ఉండే విషమూ, ఆప్రికాట్ పప్పు నుంచి పుట్టే విషమూ ఒకటే. అందుకే ఆ పిలకల వైపు గొడ్డుని పోనివ్వరు. గొడ్డు దగ్గర తీసుకునే ఆ జాగ్రత్త మనిషి విషయంలో ఎందుకు మర్చిపోవాలి?

ఈ మందుని ఎవరూ పరీక్షించలేదన్నది కూడా అబద్ధం. అమెరికాలో మేయో క్లినిక్‌తో పాటు మరికొన్ని పెద్ద క్యాన్సర్ కేంద్రాలు కలిసి 178 మంది రోగులకి లేట్రిల్ ఇచ్చి చూశాయి. ఫలితాలు 1982లో వచ్చాయి. జబ్బు నయం కాలేదు, అదుపులోకీ రాలేదు, ఆయుష్షూ పెరగలేదు. కొందరిలో సయనైడ్ విష లక్షణాలు కనిపించాయి, కొందరి రక్తంలో సయనైడ్ ప్రాణం తీసే స్థాయికి దగ్గరగా వెళ్లింది. పచ్చి ఆప్రికాట్ పప్పులు చిన్నవి మూడుకి మించి ఒకేసారి తింటే పెద్దవాళ్లకి కూడా సురక్షితమైన హద్దు దాటవచ్చని 2016లో యూరప్ ఆహార భద్రతా సంస్థ హెచ్చరించింది. వీడియోల్లో చెప్పే లెక్క రోజుకి పదులలో ఉంటుంది.

గన్నేరు సంగతి వేరే చెప్పాలా? గన్నేరు పప్పు అంటే ఏమిటో తెలుగునాట ప్రతి ఇంటికీ తెలుసు. ఆ గన్నేరు సారాన్నే క్యాన్సర్ మందుగా అమ్మినవాళ్లు విదేశాల్లో ఉన్నారు, మన దగ్గర దాని ఆకు పసరుని గడ్డలకి చెప్పేవాళ్లూ ఉన్నారు. అందులోని పదార్థాలు నేరుగా గుండె మీద పనిచేస్తాయి.

లోపలికి తీసుకునేవాటి కంటే పైన పూసేవి సురక్షితమని చాలామంది అనుకుంటారు. రొమ్ములో గడ్డ ఉన్న స్త్రీకి పసరు కట్టు కట్టడం ఇప్పటికీ జరుగుతోంది. ఆ కట్టు ఏం చేస్తుందో దగ్గరగా చూడాలి. మొదటి రోజు చురుక్కుమంటుంది. "మందు పడుతోంది" అంటారు. రెండు మూడు రోజులకి చర్మం ఎర్రబడి, బొబ్బలెక్కి, నీరు కారుతుంది. "చెడు నీరు బయటికి పోతోంది" అంటారు. తర్వాత అక్కడ నల్లటి పెచ్చు కడుతుంది, కొన్నాళ్లకి అది ఊడి వస్తుంది. ఇంట్లో అందరూ ఆ పెచ్చుని చూసి గడ్డ ఊడిపోయిందనుకుని దేవుడికి దండం పెట్టుకుంటారు. నిజానికి ఊడింది కాలిపోయిన చర్మం. దాని కింద క్యాన్సర్ తన దారిన తాను చంక వైపు పాకుతూనే ఉంటుంది. మామూలుగా అయితే ఆపరేషన్‌కి వీలుగా ఉండే గడ్డ, మానని పుండుతో వాసన కొడుతూ ఆస్పత్రికి చేరేసరికి మొదట పుండుని అదుపు చేయడానికే వారాలు పడుతుంది.

విదేశాల్లో ఇలాంటి లేపనాన్ని బ్లాక్ సాల్వ్ పేరుతో అమ్ముతారు. అందులో జింక్ క్లోరైడ్, బ్లడ్‌రూట్ అనే మొక్క వేరు ఉంటాయి. ఆ వేరులో ఉండేది సాంగ్వినరిన్ అనే విషం. ఆ పేరు మనకి కొత్త కావచ్చు గానీ ఆ విషం కొత్తది కాదు. మన బంజర్లలో, రైలు కట్టల పక్కన పసుపు పూలతో, ముళ్ల ఆకులతో పెరిగే బలురక్కసి గింజల్లో ఉండేదీ అదే. 1998లో ఢిల్లీలో ఆ గింజల నూనె కలిసిన ఆవనూనె వాడి ఒళ్లు వాచి 60 మందికి పైగా చనిపోయారు. మన నాటు మందుల్లో కనిపించే ఇంకో గింజ నల్లజీడి. చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడిన గింజ అది. దాని రసం తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. శుద్ధి చేశామని చెప్పి లోపలికి ఇస్తారు. ఆ శుద్ధి సరిగ్గా జరిగిందో లేదో తేల్చే పరీక్ష పొట్లం కట్టేవాడి దగ్గర ఉండదు.

భస్మాల విషయంలో ఇబ్బంది ఇంకాస్త లోతైనది. పాదరసం, సీసం, తాళకం (ఆర్సెనిక్ ఉండే ఖనిజం) లాంటివి ఎన్నో రోజుల పుటాలతో, అంటే నిప్పులో పదేపదే కాల్చడంతో, శుద్ధి అవుతాయన్నది రసశాస్త్రం, అంటే లోహాలతో మందులు చేసే ఆయుర్వేద శాఖ, నమ్మకం. నమ్మకం సంగతి పక్కన పెట్టి, అమ్ముడవుతున్న పొట్లాల్లో ఏముందో చూడాలి. 2004లో అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల కొట్లలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులని పరీక్షిస్తే 14 వాటిలో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో హద్దుకి మించి దొరికింది. అవి కంపెనీలు చేసి, పేరు వేసి అమ్మినవి. పేరూ ఊరూ లేని పొట్లం గురించి ఊహించుకోవచ్చు. పైగా సీసం విషం క్యాన్సర్ రోగిలో తేలిగ్గా దాక్కుంటుంది. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, నీరసం, ఆకలి లేకపోవడం వస్తాయి. ఇవన్నీ జబ్బు వల్లే అనుకుంటారు ఇంట్లోవాళ్లు. ఇంకో చిటికెడు పెంచుతారు.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తగిలేది కాలేయానికి. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ రసం తాగని వీధి లేదు. ఆ తర్వాత 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, వేరే మొక్కని తిప్పతీగ అనుకుని ఉండొచ్చంది. తర్వాత దేశంలోని పలు ఆస్పత్రులు కలిసి ఇలాంటి 43 మంది వివరాలు బయటపెట్టాయి. ఆయుష్ శాఖ చెప్పిందే నిజమనుకున్నా భయం తగ్గదు, పెరుగుతుంది. చదువుకున్నవాళ్లే తీగని పోల్చుకోలేకపోతే, సంచిలో ఎండి ముక్కలైన వేర్లని ఎవరు పోల్చగలరు? కిడ్నీలని శాశ్వతంగా దెబ్బతీసి, పైగా మూత్రనాళాల్లో క్యాన్సర్ పుట్టించే అరిస్టోలోకిక్ యాసిడ్ మన ఈశ్వరి వేరు కుటుంబంలోనే ఉంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి మూలికల మందు వాడిన ఎంతోమంది స్త్రీలకి కిడ్నీలు పాడయ్యాయి, ఒక మూలిక బదులు ఆ కుటుంబపు మూలిక కలవడం వల్లే.

పసుపు గురించి మాట్లాడకుండా గుంటూరు జిల్లాలో ఈ వ్యాసం ముగించలేం. దుగ్గిరాల యార్డు నుంచి దేశమంతటికీ పసుపు పోతుంది. కూరలో వేసుకునే పసుపుతో ఎవరికీ భయం లేదు, తరతరాలుగా తింటున్నాం. పసుపులో కర్కుమిన్ ఉండేది సుమారు మూడు శాతం, అది కూడా ఒంటికి పెద్దగా పట్టదు. క్యాప్సూల్ సంగతి అలా కాదు. అందులో కర్కుమిన్‌ని 95 శాతం దాకా చిక్కబరుస్తారు, ఒంటికి పట్టడానికి మిరియాల్లోని పైపరిన్ కలుపుతారు. పైపరిన్ కలిస్తే కర్కుమిన్ దాదాపు 20 రెట్లు ఎక్కువగా రక్తంలోకి వెళ్తుందని 1998లో బెంగళూరు పరిశోధకులే చూపించారు. అప్పుడది వంటింటి పసుపు కాదు, ఒక రసాయనం. ఇలాంటి పసుపు మాత్రలు వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్ల వివరాలు 2022లో అమెరికా వైద్యులు ప్రచురించారు. "అమ్మమ్మ కాలం నుంచి తింటున్నదే కదా" అనే వాదన ఆ క్యాప్సూల్‌కి వర్తించదు, అమ్మమ్మ దాన్ని ఎప్పుడూ తినలేదు.

లక్ష్మణఫలం ఆకుల కషాయానికి కూడా ఇదే వర్తిస్తుంది. పండు ఎప్పుడో ఒకటి తింటే ఏమీ కాదు. ఆకులు రోజూ కాచి నెలల తరబడి తాగమని చెప్పడమే చిక్కు. ఆ మొక్కలో అనోనాసిన్ అనే నరాల విషం ఉంది. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఈ పండ్లూ ఆకుల టీ ఎక్కువగా తీసుకునేవాళ్లలో మందులకి లొంగని పార్కిన్సన్ (ఒళ్లు వణికి, కదలిక మందగించే నరాల జబ్బు) లాంటి జబ్బు ఎక్కువగా ఉందని 1999లోనే గుర్తించారు. "కీమో కంటే పదివేల రెట్లు శక్తివంతం" అని ఫార్వర్డ్ అయ్యే మెసేజ్ ల్యాబ్ గాజు గిన్నెలో కణాల మీద చేసిన ప్రయోగాన్ని పట్టుకుని పుట్టింది. గాజు గిన్నెలో క్యాన్సర్ కణాల్ని బ్లీచింగ్ నీళ్లు కూడా చంపుతాయి.

బ్లీచింగ్ నీళ్లు అన్నది మాటవరసకి కాదు. మిరకిల్ మినరల్ సొల్యూషన్ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మే చుక్కలు సోడియం క్లోరైట్. నిమ్మ ఉప్పు కలిపితే క్లోరిన్ డయాక్సైడ్ అవుతుంది, అంటే బట్టలూ కాగితమూ తెల్లబరిచే మందు. తాగొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లో ఒకసారి, 2019లో మరోసారి హెచ్చరించింది. సీజియం క్లోరైడ్ అనే ఇంకో "క్యాన్సర్ ఉప్పు" గుండె లయని తప్పించి ప్రాణాలు తీస్తుందని 2018లో అదే సంస్థ చెప్పింది. కుక్కల నులిపురుగుల మందు క్యాన్సర్‌ని పోగొడుతుందనే మాట కూడా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది.

ఇంత విషం ఉన్నప్పుడు మరి బాగయ్యామని చెప్పేవాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నారు? ఈ ప్రశ్నని దులిపేసుకుంటే పల్లెలో ఎవరూ డాక్టర్ మాట వినరు. ఒక కారణం స్టెరాయిడ్లు. నాటు మందుల పొడుల్లో డెక్సామెథసోన్ లాంటివి కలిపినట్టు పరీక్షల్లో బయటపడిన సందర్భాలున్నాయి. అది పడగానే ఆకలి పుడుతుంది, నొప్పి తగ్గుతుంది, మొహం నిండుగా కనిపిస్తుంది. మంచం పట్టిన మనిషి లేచి వీధి అరుగు మీద కూర్చుంటాడు. "ఒళ్లు చేశాడు, మందు పనిచేస్తోంది" అని ఊరంతా అనుకుంటుంది. గడ్డ మాత్రం అలాగే ఉంటుంది. ఆ పొడి హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు కూడా. ఇంకో కారణం, అప్పటికే ఆపరేషనో కీమోనో అయినవాళ్లు ఆ తర్వాత వాడిన కషాయానికి పేరు ఇవ్వడం. మూడోది, ముక్క పరీక్షే జరగని గడ్డ. అది అసలు క్యాన్సరే కాకపోవచ్చు. అన్నిటికీ మించి, బతికినవాళ్లు చెప్తారు, పోయినవాళ్లు చెప్పలేరు. మందు వికటించి చనిపోయినవాళ్ల ఇంట్లో "ఆయుష్షు అంతే" అనుకుని ఊరుకుంటారు.

2024 నవంబరులో మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ తన భార్య నాలుగో దశ రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడటంలో వేప, పచ్చి పసుపు, నిమ్మనీళ్లు, పంచదార మానేయడం పెద్ద పాత్ర పోషించాయని చెప్పినప్పుడు ఇదే జరిగింది. ఆమెకి ఆపరేషన్, కీమో అయ్యాయి. అయినా వీడియో ముక్కలుగా తిరిగేటప్పుడు వేప, పసుపు మాత్రమే మిగిలాయి. టాటా మెమోరియల్ ఆస్పత్రి వైద్యులు 262 మంది సంతకాలతో ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది, నిరూపణ లేని ఈ మాటలు నమ్మి వైద్యం ఆలస్యం చేయొద్దని. తర్వాత సిద్ధూ కూడా వైద్యుల సలహాతోనే అంతా చేశామని వివరణ ఇచ్చారు. వివరణ మొదటి వీడియో అంత దూరం వెళ్లలేదు.

ఆలస్యం ఎంత ఖరీదైనదో చెప్పే లెక్క ఒకటి ఉంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, జబ్బు ఇంకా ఒళ్లంతా పాకని దశలో ఉండి కూడా అసలు వైద్యం మానేసి ప్రత్యామ్నాయ మందులకే వెళ్లిన 281 మందిని, అదే దశలో మామూలు వైద్యం తీసుకున్నవాళ్లతో పోల్చి 2018లో ప్రచురించారు. మొత్తం మీద చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో అయితే ఐదు రెట్లు పైన, పెద్దపేగు క్యాన్సర్‌లో నాలుగున్నర రెట్లు. ప్రోస్టేట్‌లో మాత్రం ఆ కొన్నేళ్లలో పెద్ద తేడా కనిపించలేదు, అది నెమ్మదిగా పెరిగేది కాబట్టి. త్వరగా పట్టుకుంటే బాగా నయమయ్యే క్యాన్సర్లలోనే నష్టం ఎక్కువ కావడం గమనించాలి. వీటిలో రొమ్ము క్యాన్సర్ మన దగ్గర చేతికి తగిలి, కంటికి కనిపించి, మొదట పసరు కట్టుకి వెళ్లే క్యాన్సర్ కూడా.

"రెండూ వాడుకుంటాం, అదొక పక్క ఇదొక పక్క" అనేది మధ్యేమార్గంలా కనిపిస్తుంది. కీమో మందుల్లో చాలావాటిని ఒంట్లోంచి పంపేది కాలేయం, కిడ్నీలు. కషాయం వల్ల కాలేయం వాచి ఉంటే అదే కీమో మోతాదు ఒంట్లో ఎక్కువసేపు నిలిచి విషమవుతుంది. లేదా పరీక్షలో కాలేయం లెక్కలు పెరిగాయని డాక్టర్ కీమోని వాయిదా వేస్తారు. తెల్ల రక్తకణాలు పడిపోయిన రోజుల్లో కాచని గోధుమగడ్డి రసం, గోమూత్రం లాంటివి తాగితే వాటిలోని క్రిములే రక్తంలోకి ఎక్కి జ్వరం పట్టుకుంటుంది. దీనికి తోడు పథ్యం. ఉప్పు లేదు, పప్పు లేదు, గుడ్డు లేదు, పాలు లేవు. క్యాన్సర్ పంచదార తింటుంది కాబట్టి అన్నం కూడా వద్దంటారు. ఒంట్లోని ప్రతి కణమూ గ్లూకోజు వాడుకుంటుంది, అన్నం మానేస్తే ముందు కరిగేది రోగి కండ. ఆపరేషన్‌కి తట్టుకునే బలం అక్కడే పోతుంది.

వైద్య వ్యవస్థ తప్పు కూడా ఇందులో చిన్నది కాదు. కిక్కిరిసిన ఓపీలో ఒక రోగికి దొరికేది కొద్ది నిమిషాలు. కీమో అంటే ఏమిటో, ఎన్నిసార్లో, జుట్టు మళ్లీ వస్తుందో రాదో ఎవరూ కూర్చుని చెప్పరు. రేడియేషన్‌ని "కరెంటు పెట్టడం" అనుకుని వణికిపోయే పెద్దావిడ భయం తీర్చేవాళ్లు ఉండరు. నాటువైద్యుడు గంట కూర్చుంటాడు, ఊరి పేరడుగుతాడు, భుజం మీద చెయ్యి వేసి "నేనున్నా" అంటాడు. మనిషికి కావాల్సినది అతని దగ్గర సగం దొరుకుతోంది, మిగతా సగం పొట్లంలో విషంగా వస్తోంది. ఇక చేసేదేమీ లేదని పెద్దాస్పత్రి పంపేసినవాళ్లది ఇంకా దీనమైన స్థితి. నొప్పి తగ్గించే మార్ఫిన్ మాత్ర ఖరీదైనది కాదు, దాని నిబంధనలని 2014లో పార్లమెంటు సడలించింది కూడా. అయినా ఆ మాత్ర గురించి చెప్పేవాళ్లు లేక, నొప్పి భరించలేక వెళ్లేవాళ్లు ఎంతమందో. వాళ్లని మూర్ఖులనడం అన్యాయం.

డబ్బు భయం కొంతవరకు తీరే దారి ఉంది. పాత ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ ఆపరేషన్లు, కీమో, రేడియేషన్ వస్తాయి. గుంటూరు ప్రభుత్వ పెద్దాస్పత్రి (జీజీహెచ్)లో నాట్కో ట్రస్ట్ కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. చట్టం సంగతికొస్తే, క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. కరెంటు స్తంభాల మీది స్టిక్కర్లు, హైవే పక్క గుడారాల బోర్డులు చూస్తే ఆ చట్టం ఎంత అమలవుతోందో తెలుస్తుంది.

ఇప్పటికే మందు మొదలుపెట్టినవాళ్లు భయపడి దాచొద్దు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, వాంతులు ఆగకపోయినా, గుండె దడగా ఉన్నా పొట్లంతో సహా ఆస్పత్రికి వెళ్లాలి. మన దగ్గర కళ్లు పచ్చబడితే కామెర్లని మళ్లీ పసరు పోయించుకోవడానికే వెళ్తారు, ఒక పసరు తెచ్చిన కామెర్లకి ఇంకో పసరు. అది చేయకూడదు.

కొందరు క్యాన్సర్ డాక్టర్లు ఈమధ్య ఒక అలవాటు చేసుకున్నారు. "నాటు మందు వాడుతున్నారా?" అని గద్దించి అడిగితే ఎవరైనా లేదనే అంటారు. అందుకే కీమో రాసే ముందు ఫైలు మూసి, మెల్లగా అడుగుతారు: "అమ్మా, ఇంట్లో ఇంకేమైనా ఇస్తున్నారా? కషాయం, పొడి, ఏదైనా సరే. నేనేమీ అనను." కాసేపు ఎవరూ మాట్లాడరు. భర్త భార్య వైపు చూస్తాడు. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీసి, పాత న్యూస్‌పేపర్‌లో చుట్టిన పొట్లం బల్ల మీద పెడుతుంది. డాక్టర్ దాన్ని విప్పి చూసి, పక్కన పెట్టి, లివర్ టెస్ట్ చీటీ రాస్తారు. ఆ వారం కీమో ఉండదు. రిపోర్ట్ మామూలుగా వచ్చాక, మళ్లీ రమ్మని తారీఖు వేసి ఇస్తారు.